ఒక్క రిజిస్టర్ చదవాలంటే తీగ మీద ఎన్ని అడుగులు?

నెట్‌వర్క్ స్విచ్ డ్రైవర్ (స్విచ్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) కోడ్ తెరిస్తే పైన కనిపించేవన్నీ పెద్ద పనులే: వీల్యాన్ (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్) కలపడం, ఏ పరికరం ఏ పోర్ట్ వైపు ఉందో చెప్పే మ్యాక్ అడ్రస్ టేబుల్ నింపడం, పోర్ట్ ఆపడం, ట్రాఫిక్ లెక్కలు తీయడం. ఏ పనినైనా తవ్వుకుంటూ కిందికి పోతే చివరికి తేలేది రెండు ఫంక్షన్ల దగ్గరే. ఒకటి రిజిస్టర్ చదివేది, రెండోది రాసేది. ఒక్కోటి పది పదిహేను లైన్లు ఉంటుందేమో. కోడ్ రివ్యూలో చాలామంది వాటిని అలా చూసి ఇలా దాటేస్తారు. కొత్త డ్రైవర్ చేతికొస్తే నేను ముందు చదివేది మాత్రం వాటినే. పైన రాసిన వందల లైన్లన్నీ ఒకే నమ్మకం మీద నడుస్తాయి: అడిగిన రిజిస్టర్ విలువే వస్తుంది, రాసింది రాసిన చోటికే చేరుతుంది, కుదరకపోతే కుదరలేదన్న సంగతి తెలుస్తుంది. ఆ మూడు హామీలూ ఇవ్వాల్సింది ఈ పది లైన్లే.

రిజిస్టర్ అంటే చిప్ లోపలి చిన్న గడి. స్విచ్ చిప్‌లలో ఎక్కువగా 16 బిట్లో 32 బిట్లో ఉంటుంది. ప్రాసెసర్ ఉన్న చిప్‌లోనే ఉండే పరికరమైతే దాని రిజిస్టర్లు మెమరీ అడ్రస్‌లలాగే కనిపిస్తాయి. లినక్స్‌లో రీడ్‌ఎల్, రైట్‌ఎల్ అనే ఫంక్షన్లు పిలిస్తే పని అయిపోతుంది. స్విచ్ చిప్ చాలా బోర్డుల మీద ప్రాసెసర్‌కు దూరంగా, విడిగా ఉంటుంది. ప్యాకెట్లు నడిచే దారి గిగాబిట్ల వేగంతో ఉంటుంది కానీ, చిప్‌కు ఆజ్ఞలు వెళ్లే దారి తరచుగా రెండే రెండు తీగలు. ఒకటి క్లాక్, ఇంకొకటి డేటా. దాని పేరు ఎండీఐఓ బస్. కొన్ని చిప్‌లకు ఎస్‌పీఐ, ఐ2సీ దారులు కూడా ఉంటాయి. కానీ చిక్కుముడులన్నీ బాగా కనిపించేది ఎండీఐఓ మీదే కాబట్టి దాన్నే పట్టుకుందాం.

రెండు తీగల మీద 64 బిట్లు

ఈథర్‌నెట్ ప్రమాణం 802.3లోని క్లాజ్ 22 ప్రకారం ఎండీఐఓ మీద ఒక చదువు ఇలా నడుస్తుంది. ముందు 32 ఒకట్లు వరసగా పోతాయి, అవతలివాళ్లు సర్దుకోవడానికి. తర్వాత మొదలు అని చెప్పే 2 బిట్లు, చదవాలా రాయాలా చెప్పే 2 బిట్లు, ఏ పరికరమో చెప్పే 5 బిట్లు, ఏ రిజిస్టరో చెప్పే 5 బిట్లు. ఆపై తీగ చేతులు మారడానికి 2 బిట్ల వ్యవధి, చివర 16 బిట్ల డేటా. మొత్తం 64. ఈ 64 బిట్ల వరసే ఒక ఫ్రేమ్. ప్రమాణం చెప్పిన గరిష్ఠ క్లాక్ 2.5 మెగాహెర్ట్జ్, అంటే ఒక్కో బిట్‌కు 400 నానోసెకన్లు. 64 బిట్లకు 25.6 మైక్రోసెకన్లు. ప్రాసెసర్ లెక్కలో అది చాలా పెద్ద సమయం, ఈ సంఖ్యతో మళ్లీ పనిపడుతుంది.

ఆ చేతులు మారే 2 బిట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చదివేటప్పుడు ప్రాసెసర్ తీగను వదిలేస్తుంది, రెండో బిట్‌లో అవతలి పరికరం తీగను సున్నాకు లాగాలి. అక్కడ పరికరమే లేకపోతే? తీగను ఒకటి వైపు లాగి ఉంచే పుల్‌అప్ రెసిస్టర్ ఉంటుంది కాబట్టి అది ఒకటి దగ్గరే నిలబడుతుంది. డేటా 16 బిట్లూ ఒకట్లుగానే వస్తాయి, అంటే 65535. లినక్స్‌లో ఎండీఐఓను పిన్నుల మీద సాఫ్ట్‌వేర్‌తోనే ఆడించే బిట్‌బ్యాంగ్ డ్రైవర్ ఆ బిట్‌ను చూస్తుంది, సున్నా రాకపోతే 65535నే ఇస్తుంది. ఎర్రర్ అని చెప్పదు. చిప్‌కు కరెంటు అందకపోయినా, రీసెట్‌లో ఇరుక్కుపోయినా, పైవాడికి అందేది చూడటానికి చక్కని ఒక సంఖ్య. అందుకే ప్రోబ్ సమయంలో, అంటే డ్రైవర్ మొదట చిప్‌ను వెతికి పట్టుకునేటప్పుడు, చిప్ గుర్తింపు రిజిస్టర్ చదివి, 65535 వస్తే అక్కడే ఆగడం మంచిది.

ఇక ఇరుకు సంగతి. 5 బిట్ల పరికరం, 5 బిట్ల రిజిస్టర్ అంటే బస్ మొత్తానికి 32 ఇంటూ 32, అంటే 1024 గడులు. ఇది ఒక్కో పోర్ట్‌కు ఒక్కో ఫై చిప్ (కేబుల్ మీద సంకేతాలు పంపి అందుకునేది) ఉండే రోజులకు సరిపోయిన లెక్క. వేల గడులున్న స్విచ్ ఇందులో పట్టదు. దాంతో తయారీదారులు తలా ఒక ఉపాయం పన్నారు, డ్రైవర్‌లోని యాక్సెస్ ఫంక్షన్ల ఆకారం ఆ ఉపాయాన్ని బట్టే తయారైంది.

మార్వెల్ 88ఈ6 కుటుంబం చిప్‌లకు రెండు పద్ధతులున్నాయి. మొదటిదాంట్లో చిప్ బస్‌లోని అడ్రస్‌లను పరుచుకుని కూర్చుంటుంది. పోర్ట్‌లు 16 నుంచి, మొత్తం చిప్‌కు సంబంధించిన గ్లోబల్ 1, గ్లోబల్ 2 రిజిస్టర్లు 27, 28 దగ్గర. అప్పుడు చదవడం అంటే ఒకే ఫ్రేమ్. కానీ అదే బస్ మీద ఇంకో చిప్‌కు చోటు మిగలదు. రెండో పద్ధతిలో చిప్ ఒక్క అడ్రస్‌కే పలుకుతుంది, బయటికి రెండే గడులు చూపిస్తుంది: 0వది ఆజ్ఞ, 1వది డేటా. లోపల ఏది కావాలన్నా చీటీ రాసి ఇచ్చినట్టు ఆజ్ఞ గడిలో రాయాలి. పోర్ట్ 0లోని 3వ రిజిస్టర్, అంటే చిప్ గుర్తింపు, కావాలనుకోండి. రాయాల్సిన చీటీ ఇది:

1001 1010 0000 0011

ఎడమ చివర ఉన్న ఒకటి బిట్ 15, పేరు బిజీ. పని మొదలుపెట్టమని మనం దాన్ని 1 చేస్తాం, పని అయ్యాక చిప్ దాన్ని 0 చేస్తుంది. బిట్ 12లో ఉన్న ఒకటి క్లాజ్ 22 పద్ధతి అని చెబుతుంది. తర్వాతి 10 అంటే చదువు. ఆపై 10000 అంటే పరికరం 16, చివరి 00011 అంటే రిజిస్టర్ 3. ఇది రాశాక బిజీ బిట్ దిగిందో లేదో చూడాలి, దిగాక డేటా గడి చదవాలి. తక్కువలో తక్కువ మూడు ఫ్రేమ్‌లు, 76.8 మైక్రోసెకన్లు. వచ్చిన 16 బిట్లలో పై 12 చిప్ నంబరు, కింది 4 దాని రివిజన్.

ఇప్పుడు స్విచ్ లోపలి ఫై రిజిస్టర్ ఒకటి కావాలి. ఈ చిప్‌లలో ఫైలను అందుకోవడానికి గ్లోబల్ 2లో మళ్లీ ఒక ఆజ్ఞ గడి, ఒక డేటా గడి ఉంటాయి. ఆజ్ఞ రాయడం, బిజీ చూడటం, డేటా చదవడం అనే మూడు అడుగుల్లో ఒక్కో అడుగూ బయటి పద్ధతిలో మళ్లీ మూడు ఫ్రేమ్‌లు. మొత్తం తొమ్మిది, 230.4 మైక్రోసెకన్లు. లింక్ ఉందా లేదా అన్న ఒక్క బిట్ తెలుసుకోవడానికి అంత! చాలా చిప్‌లు 2.5 మెగాహెర్ట్జ్ కంటే వేగంగా నడవగలవు కాబట్టి సమయం కొంత తగ్గుతుంది, అడుగుల సంఖ్య మాత్రం తగ్గదు.

క్వాల్‌కామ్ క్యూసీఏ8337ది ఇంకో దారి. దాని రిజిస్టర్లు 32 బిట్లవి, బస్ 16 బిట్లది. డ్రైవర్ రిజిస్టర్ అడ్రస్‌ను మూడు ముక్కలు చేస్తుంది. పై ముక్క పేజీ నంబరు, దాన్ని పరికరం 24కు రాయాలి. మిగతా రెండు ముక్కలతో 16 నుంచి 23 వరకు ఉన్న అడ్రస్‌లలో ఒక జత గడులు తేలుతాయి. మొదటి గడిలో కింది సగం, పక్క గడిలో పై సగం. పేజీ మార్చాక లినక్స్ డ్రైవర్ 1 నుంచి 2 మిల్లీసెకన్లు ఆగుతుంది. ప్రతిసారీ అంతసేపు ఆగలేదు కాబట్టి ఇప్పుడు ఏ పేజీ మీద ఉన్నామో గుర్తుపెట్టుకుంటుంది, అదే పేజీ అయితే ఆ రాత మానేస్తుంది. ఆ గుర్తును మార్చేది పేజీ రాత సఫలమయ్యాకే. ముందే మార్చేస్తే, రాత విఫలమైన రోజు డ్రైవర్ ఒక పేజీ అనుకుంటుంది, చిప్ ఇంకో పేజీలో ఉంటుంది.

ఇలాంటి ఆదా ఎక్కడ ఆపాలో తెలియడం కష్టం. ఇదే డ్రైవర్‌లో రెండు సగాల్లో మారని సగాన్ని రాయకుండా వదిలేద్దామని ఒక మార్పు చేర్చారు. రాతకు ఒక ఫ్రేమ్ మిగులుతుంది కదా అని. దానివల్ల కొన్ని రిజిస్టర్లకు జరగాల్సిన రాతలు జరగడం లేదని తేలి ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. ఏ సగాన్ని ఎప్పుడు వదిలేయవచ్చన్నది చిప్‌కే చెందిన నియమం.

లాక్ ఎక్కడ పెట్టాలి

చదవడం మూడు అడుగుల పని అయిందంటే, ఆ అడుగుల మధ్యలో ఎవరైనా దూరవచ్చు. లినక్స్ ఫై లైబ్రరీ పోలింగ్‌లో (తానే పదేపదే వెళ్లి చూసే పద్ధతిలో) ఉంటే సెకనుకోసారి లింక్ చూస్తుంది. అదే సమయంలో ఇంకో థ్రెడ్ (పక్కపక్కనే నడిచే ఇంకో పని) గణాంకాలు చదువుతోంది. గణాంకాల థ్రెడ్ ఆజ్ఞ గడిలో తన చీటీ రాసింది, బిజీ దిగింది. డేటా తీసుకునేలోపు ఫై థ్రెడ్ వచ్చి తన చీటీ రాసింది, దాని పనీ అయిపోయింది. ఇప్పుడు మొదటి థ్రెడ్ డేటా గడి చదువుతుంది. దొరికేది రెండోవాడి జవాబు. బస్ మీద ఏ తప్పూ జరగలేదు, ఎర్రర్ ఏదీ రాలేదు, వచ్చిన సంఖ్య కూడా నమ్మదగ్గట్టే ఉంది. రాతలో అయితే ఇంకా దారుణం, ఒకరి విలువ ఇంకొకరి పేజీలో పడుతుంది. ఎప్పుడో ఒకసారి ఒక పోర్ట్ పనిచేయడం మానేస్తుంది, రీబూట్ చేస్తే బాగుపడుతుంది. ఇలాంటి బగ్‌ను పట్టుకోవడం చుక్కలు చూపిస్తుంది.

బస్‌కు లాక్ (ఒకేసారి ఒక్కరినే లోపలికి వదిలే తాళం) ఉంది కదా అనిపిస్తుంది. ఉంది, కానీ బస్ చదివే లినక్స్ ఫంక్షన్ ఎండియోబస్ రీడ్ ఆ లాక్‌ను పట్టుకునేది ఒక్క ఫ్రేమ్ సేపే. మూడు ఫ్రేమ్‌ల సంభాషణ సంగతి బస్‌కు తెలియదు. క్యూసీఏ డ్రైవర్ అందుకే బస్ లాక్‌ను తానే పట్టుకుని, పేజీ రాయడం నుంచి రెండు సగాలు చదవడం దాకా అయ్యాక వదులుతుంది. లోపల లాక్ లేని నేరు రీడ్, రైట్‌లను వాడుతుంది. మార్వెల్ డ్రైవర్ చిప్‌కు తనదైన మ్యూటెక్స్ (ఒక రకం లాక్) పెట్టుకుంది. మధ్యలో వేరే చిప్ ఫ్రేమ్‌లు బస్ మీద నడిచినా దానికి ఇబ్బంది లేదు, ఎందుకంటే అవి ఈ చిప్ ఆజ్ఞ గడిని ముట్టుకోవు.

ఆ మ్యూటెక్స్‌ను మార్వెల్ డ్రైవర్ చదివే, రాసే ఫంక్షన్ల లోపల పట్టుకోదు. అంతకంటే పైన, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) నుంచి డ్రైవర్‌లోకి అడుగుపెట్టే గుమ్మం దగ్గరే పట్టుకుంటుంది. కిందున్న రీడ్, రైట్ ఆ లాక్ పట్టి ఉందా లేదా అని చూసి, లేకపోతే స్టాక్‌తో (ఎవరు ఎవరిని పిలిచారన్న వరసతో) సహా లాగ్‌లో గోల పెడతాయి. కారణం మ్యాక్ టేబుల్‌లాంటి చోట తెలుస్తుంది. ఒక అడ్రస్ చేర్చాలంటే ముందు అడ్రస్ ముక్కలు కొన్ని రిజిస్టర్లలో నింపాలి, తర్వాత ఆజ్ఞ ఇవ్వాలి, బిజీ దిగేదాకా ఆగాలి. ఒక్కో రిజిస్టర్‌కూ లాక్ పట్టి వదిలితే ఒక్కో రాత భద్రంగానే ఉంటుంది, మొత్తం పని మాత్రం మధ్యలో తెగుతుంది. ఎంతవరకు విడదీయకూడదో తెలిసినవాడే లాక్ పట్టాలి. ఆ సంగతి కింది ఫంక్షన్‌కు తెలియదు, పైవాడికే తెలుసు. ఈ అమరికే సరైనదని నా గట్టి అభిప్రాయం. ఒక చిన్న లోపం మాత్రం ఉంది: ఆ పరీక్ష లాక్ ఎవరో ఒకరి చేతిలో ఉందా అనే చూస్తుంది, మన చేతిలోనే ఉందా అని చూడదు. లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి నడిపే పరీక్షలకు అది ప్రత్యామ్నాయం కాదు.

లాక్‌డెప్ అన్నాం కాబట్టి, దాన్ని తికమక పెట్టే సంగతి ఒకటుంది. స్విచ్ తానే ఒక ఎండీఐఓ బస్ మీద కూర్చుని, తన లోపలి ఫైల కోసం కెర్నల్‌కు ఇంకో ఎండీఐఓ బస్‌ను చూపిస్తుంది. లోపలి బస్ చదువు బయటి బస్ చదువును పిలుస్తుంది. రెండు లాక్‌లూ వేరైనా ఒకే జాతివి. లాక్‌డెప్ దాన్ని ఒకే లాక్‌ను రెండుసార్లు పట్టడంగా అనుమానించి హెచ్చరిస్తుంది. ఇది లోపలిది, ఇది బయటిది అని చెప్పడానికే నెస్టెడ్ అని పేరు చివర ఉన్న రీడ్, రైట్‌లు వచ్చాయి. కొత్త డ్రైవర్ రాసేవాళ్లు మామూలువి పిలిచి ఈ హెచ్చరిక చూసి కంగారుపడటం మామూలే.

ఇవన్నీ నిద్రపోయే లాక్‌లు, నిద్రపోయే ఫంక్షన్లు, అంటే ఆగాల్సి వస్తే ప్రాసెసర్‌ను వేరే పనికి వదిలేస్తాయి. స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఆగే లాక్) పట్టుకుని ఉండగా కానీ, ఇంటరప్ట్ (చిప్ ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) హ్యాండ్లర్ మొదటి భాగంలో కానీ వీటిని పిలవకూడదు. చిప్ ఇంటరప్ట్‌ను థ్రెడ్‌లోకి మళ్లించాలి. గణాంకాలు అడిగే కెర్నల్ దారి నిద్రపోకూడని చోటినుంచి రావచ్చు కాబట్టి, కొన్ని డ్రైవర్లు కౌంటర్లను విరామాలతో చదివి మెమరీలో ఉంచుకుని, అడిగినప్పుడు ఆ కాపీ ఇస్తాయి. ఆ విరామం ఎంత ఉండాలో కౌంటర్ వెడల్పే చెబుతుంది. 32 బిట్ల బైట్ కౌంటర్ ఒక గిగాబిట్ నిండు వేగంలో సుమారు 34 సెకన్లలో తిరిగి సున్నాకొస్తుంది.

తప్పు సంఖ్య వేషంలో వస్తే

ఎండియోబస్ రీడ్ ఒకే పూర్ణసంఖ్య ఇస్తుంది. సున్నా, ఆపైన ఉంటే విలువ, సున్నా కంటే తక్కువైతే ఎర్రర్. దాన్ని చూడకుండా నేరుగా 16 బిట్ల వేరియబుల్‌లో పోశామనుకోండి. మైనస్ 110, అంటే టైమవుట్, 65426గా మారుతుంది. మైనస్ 5, అంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, 65531 అవుతుంది. రెండింట్లోనూ బిట్ 15 ఒకటే. మార్వెల్‌లో బిట్ 15 అంటే బిజీ అని చూశాం. కాబట్టి బస్ చచ్చిపోతే చిప్ ఇంకా పనిలోనే ఉందని డ్రైవర్ అనుకుంటుంది, గడువు తీరేదాకా తిరుగుతుంది, చివరికి టైమవుట్ అని చెబుతుంది. లాగ్ చూసినవాళ్లు చిప్‌ను అనుమానిస్తారు, తీగను చూడరు. చిప్ ఊడి 65535 వచ్చినా ఇదే కథ.

అందుకని నాకు నచ్చే ఆకారం ఇది: ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఎర్రర్ మాత్రమే, విలువ వేరే పాయింటర్ ద్వారా పోవాలి. మార్వెల్ డ్రైవర్ అలాగే చేస్తుంది. పిలిచేవాడు ఎర్రర్‌ను పట్టించుకోకుండా విలువను వాడితే అది కంటికి కనబడుతుంది.

బిజీ కోసం ఆగే లూప్‌లోనూ ఒక సూక్ష్మం ఉంది. ఒకసారి చూశాం, బిజీ. కొంచెం నిద్రపోయాం. ఆ సమయంలో ప్రాసెసర్ మీద భారం ఎక్కువై మన థ్రెడ్‌కు వంతు రావడానికి 60 మిల్లీసెకన్లు పట్టింది, గడువు 50. లేవగానే గడియారం చూసి గడువు దాటిందని వెళ్లిపోతే తప్పు చేసినట్టే. చిప్ తన పని ఎప్పుడో ముగించి ఉంటుంది, ఆలస్యం మనది. గడువు దాటాక కూడా చివరిగా ఒక్కసారి రిజిస్టర్ చూసి అప్పుడు తీర్పు చెప్పాలి. కెర్నల్‌లోని రీడ్ పోల్ టైమవుట్ మాక్రో అలాగే చేస్తుంది. సొంత లూప్ రాసుకునేవాళ్లే ఇక్కడ జారిపడతారు.

చదవడమే కొన్నిచోట్ల గడిని మార్చేస్తుంది. చదివితే సున్నా అయ్యే ఇంటరప్ట్ రిజిస్టర్లు ఉంటాయి. ఫైలోని 1వ రిజిస్టర్, బిట్ 2 లింక్ స్థితి. లింక్ ఒక్క క్షణం పోయినా అది సున్నా దగ్గర అతుక్కుని, చదివేదాకా అక్కడే ఉంటుంది. ఇప్పటి స్థితి కావాలంటే రెండుసార్లు చదవాలి. ఫై లైబ్రరీ పోలింగ్‌లో ఉన్నప్పుడు, అంతకుముందు లింక్ ఉండి ఉంటే, కావాలనే ఒక్కసారే చదువుతుంది. ఆ మధ్యలో పోయి వచ్చిన లింక్ సంగతి తప్పిపోకూడదని. ఇక 1 రాస్తే చెరిగిపోయే బిట్లున్న రిజిస్టర్‌ను చదివి, ఒక బిట్ మార్చి, తిరిగి రాస్తే మనం చూడని సంకేతాలు కూడా చెరిగిపోతాయి. లినక్స్ రెగ్‌మ్యాప్ వ్యవస్థ కాష్ (చదివిన విలువల కాపీ), లాక్, చదువు, రాత అన్నీ ఒకచోట అందిస్తుంది. కానీ ఏది దానంతటదే మారే గడి, ఏది చదివితే పాడయ్యే గడి అన్నది డ్రైవర్ రాసేవాళ్లే పట్టీ రాసి చెప్పాలి. చెప్పకపోతే డీబగ్ ఫైల్ తెరిచి చూసిన పాపానికి ఇంటరప్ట్ ఒకటి మాయమవుతుంది.

తీగలే మారిపోతే

బ్రాడ్‌కామ్ స్విచ్‌ల కోసం ఉన్న బీ53 డ్రైవర్ ఈ రెండు ఫంక్షన్లను ఒక పట్టికగా మార్చేసింది. ఎండీఐఓ, ఎస్‌పీఐ, మెమరీ అడ్రస్‌లు, ఇలా ఒక్కో దారికి ఒక్కో పట్టిక. అందులో 8, 16, 32, 64 బిట్ల చదువులతో పాటు 48 బిట్ల చదువు కూడా ఉంటుంది. మ్యాక్ అడ్రస్ 48 బిట్లు కాబట్టి. పైన ఉన్న కోడ్‌కు కింద ఏ తీగ ఉందో తెలియాల్సిన పని లేదు.

క్యూసీఏ8337 డ్రైవర్‌లో 2022లో ఇంకో దారి చేరింది. రిజిస్టర్ అభ్యర్థననే ఈథర్‌నెట్ ప్యాకెట్‌గా చేసి, డేటా నడిచే గిగాబిట్ దారిలోనే స్విచ్‌కు పంపడం. ప్యాకెట్‌కు ఒక వరస సంఖ్య ఇస్తారు, అదే సంఖ్యతో జవాబు ప్యాకెట్ వచ్చేదాకా కొన్ని మిల్లీసెకన్లు ఆగుతారు. పేజీల గొడవ లేదు, ఒకే ప్యాకెట్‌లో వరసగా కొన్ని రిజిస్టర్లు వస్తాయి. ప్రాసెసర్ వైపు పోర్ట్ ఇంకా లేవకపోయినా, జవాబు రాకపోయినా అదే ఫంక్షన్ చప్పుడు లేకుండా ఎండీఐఓకు మళ్లుతుంది.

చదువు విషయంలో ఆ మళ్లింపు చాలావరకు నిరపాయకరం. రాత దగ్గర మాత్రం నేను ఆగి ఆలోచిస్తాను. జవాబు రాలేదంటే అభ్యర్థన దారిలో పోయిందా, లేక చిప్ పని చేశాక జవాబు మాత్రమే పోయిందా? రెండోదైతే అదే రాత ఎండీఐఓ మీద రెండోసారి జరుగుతుంది. పోర్ట్ సెట్టింగ్ లాంటి గడిలో అదే విలువ మళ్లీ రాస్తే నష్టం లేదు. రాయడమే ఆజ్ఞ అయిన గడిలో, 1 రాస్తే చెరిగే గడిలో రెండో రాత కొత్త పని చేస్తుంది. అలాంటి రిజిస్టర్ల జాబితా తీసి, వాటికి ఏ దారి వాడాలో ముందే తేల్చుకోవాలి.